నీలం గళ్ల చొక్కా: ఒక గుర్తింపు పరేడ్ పూర్తి కేసు వివరం

గొలుసు పోగొట్టుకున్న ఆమె కోర్టులో బోను వైపు వేలు చూపించినప్పుడు గొంతులో తడబాటు లేదు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశమూ లేదు. వేలు మాత్రం తప్పు మనిషి మీదకు పోయింది. చెన్నైలో టైల్స్ పని చేసుకునే 24 ఏళ్ల తెలుగు కుర్రవాడు దానివల్ల 2 సంవత్సరాల 7 నెలలు జైల్లో ఉన్నాడు. రికవరీ, కత్తి, ఒప్పుకోలు వాంగ్మూలం కూడా ఫైలులో ఉన్నాయి గానీ, ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పోతే చివరికి మిగిలేది ఆ వేలు ఒక్కటే.

కింద రాసింది ఏ ఒక్క కేసూ కాదు. చెన్నైలో ఈ రకం కేసులు నడిచే తీరును ఒకచోట చేర్చి, మనుషులు, స్టేషన్, తేదీలు ఆనవాలు లేకుండా అల్లిన నమూనా. సెక్షన్లు, పేరుతో చెప్పిన తీర్పులు మాత్రం అసలువే. నేరం, కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుది కాబట్టి పాత చట్టాల నంబర్లే వాడాం. ఏ చట్టమో చెప్పనిచోట ఆ సెక్షన్ నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)ది. తేదీల బదులు రోజులు లెక్కపెట్టాం, నేరం జరిగిన రోజు సున్నా. గుర్తింపు కేసు ఏది చేతికొచ్చినా మొదట చేయాల్సిన పనీ ఇదే. తెల్లకాగితం మీద సున్నా నుంచి రోజులు వేసుకుని, ముద్దాయి ముఖం సాక్షి కంట ఏ ఏ రోజుల్లో పడిందో, పడే వీలుందో గుర్తు పెట్టుకోవాలి. మిగతా వాదనంతా ఆ కాగితంలోంచే వస్తుంది.

సున్నా రోజు

మడిపాక్కం దగ్గర ఒక సందు, రాత్రి 8:40. 54 ఏళ్ల గృహిణి గుడి నుంచి నడిచి ఇంటికి వస్తోంది. బైకు వచ్చి ఆగింది. వెనక కూర్చున్నవాడు దిగి ఎదురొచ్చి, మెడ దగ్గర కత్తి పెట్టి "సత్తం పోడాదె" (అరవకు) అన్నాడు. ఐదు సవర్ల గొలుసు, అంటే 40 గ్రాములు, తెంపుకుని బైకెక్కి పోయాడు. మొత్తం 15, 20 సెకన్లు. 30 మీటర్ల అవతల కిరాణా కొట్టులో పనిచేసే 19 ఏళ్ల కుర్రాడు అరుపు విని బయటికొచ్చి, బైకెక్కుతున్న మనిషిని చూశాడు.

ఆ రాత్రే ఇచ్చిన ఫిర్యాదులో ఆమె చెప్పిన వర్ణన: సుమారు 25 ఏళ్లు, చామనఛాయ, సన్నగా ఉన్నాడు, మీసం ఉంది, తమిళం మాట్లాడాడు, మళ్లీ చూస్తే గుర్తుపడతాను. ఈ వర్ణనకు సరిపోయే కుర్రవాళ్లు ఏ సాయంత్రమైనా ఆ ఏరియా బస్టాపులోనే పదిమంది దొరుకుతారు. ఫిర్యాదులో ఏముందో దానికన్నా ఏం లేదో చూడాలి. మచ్చ మాట లేదు. ముద్దాయికి ఎడమ కనుబొమ్మ మీద రెండు సెంటీమీటర్ల పాత గాయం మచ్చ ఉంది, ఎదురుగా నిలబడినవాళ్లకు మొదట కనిపించేది అదే.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ అబ్జర్వేషన్ మహజరు (నేరం జరిగిన చోటు చూసి రాసే కాగితం) రాసి, రఫ్ స్కెచ్ గీశాడు. స్కెచ్‌లో వీధి దీపం స్తంభం 12 మీటర్ల దూరంలో ఉంది. ఆమె ఏ దిక్కుకు నడుస్తోంది, వాడు ఎటువైపు నుంచి వచ్చాడు అన్నది స్కెచ్ మీద పెట్టి చూస్తే, దీపం వాడి వీపు వెనక పడుతుంది. అంటే వెలుతురు ఆమె ముఖం మీద, నీడ వాడి ముఖం మీద. ట్రయల్ నడిచినన్నాళ్లూ ఆ స్కెచ్‌ను ఎవరూ విప్పి చూడలేదు. రఫ్ స్కెచ్ అంటే లాంఛనంగా మార్క్ చేసే కాగితం అన్న అలవాటు ప్రాసిక్యూషన్‌కెంతో డిఫెన్స్‌కూ అంతే.

తొమ్మిది, పది

తొమ్మిదో రోజు రాత్రి వాహన తనిఖీలో కుర్రవాడు దొరికాడు. బైకు స్నేహితుడిది, కాగితాలు లేవు. ఊరు కనిగిరి వైపు పల్లె, ఉండేది కేళంబాక్కం దగ్గర సైటు షెడ్డులో. తమిళం కూలి బేరానికి సరిపడా వచ్చు, చదవడం రాదు. పోలీసుల రికార్డు ప్రకారం పదో రోజు ఉదయం 6 గంటలకు అరెస్టు, వాంగ్మూలం, ఆ వాంగ్మూలం మీద ముళ్లపొదలోంచి కత్తి, ఒక తాకట్టు కొట్టు నుంచి 28 గ్రాముల గొలుసు ముక్కలు. సాయంత్రం 4 గంటలకు రిమాండ్.

ఈ రికవరీని తేల్చడానికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. పోయింది 40 గ్రాములు, దొరికింది 28. ముక్కల మీద గుర్తేమీ లేదు. అలాంటివే ఇంకో నాలుగు గొలుసులతో కలిపి చూపించే వస్తువుల గుర్తింపు జరగలేదు. తాకట్టు రశీదులో ముద్దాయి పేరు లేదు. పొద ఎవరైనా వచ్చిపోయే చోటు. ఎవిడెన్స్ యాక్ట్ 27వ సెక్షన్ కింద లోపలికి వచ్చేది ఆ వస్తువు దొరకడానికి దారి తీసిన మాట వరకే, నేరం ఒప్పుకున్న మాట కాదు.

అసలు సంగతి పదో రోజు ఉదయం 11 గంటలది. అదే రోజు ఆమెను గొలుసు చూడడానికి స్టేషన్‌కు పిలిచి, 161 (పోలీసులు సాక్షిని అడిగి రాసుకునే సెక్షన్) కింద అదనపు వాంగ్మూలం రాసుకున్నారు. ముక్కలు తనవేనంది. అదే వాంగ్మూలంలో ఇంకో వాక్యం ఉంది: గొలుసు తెంపినవాడికి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది.

పది రోజులు లేని మచ్చ, ముద్దాయి లాకప్‌లో ఉన్న పూట, అదే స్టేషన్‌లో పుట్టింది. అరెస్టు కార్డులో సమయం 6 గంటలు, రిమాండ్ రిపోర్టులో 4 గంటలు, ఆమె వాంగ్మూలం మధ్యలో. మూడూ ప్రాసిక్యూషన్ ఇచ్చిన కాగితాలే. ఎవరైనా ఆమెకు లాకప్ వైపు చూపించారా, కానిస్టేబుల్ ఫోన్‌లో ఫోటో చూపించాడా, బల్ల పక్కన కూర్చోబెట్టి ఉండగా ఆమె లోపలికి వచ్చిందా అన్నది తేల్చనక్కర్లేదు. చూసే అవకాశం ఉందని తేలితే చాలు, చూడలేదని చూపించాల్సిన బరువు ప్రాసిక్యూషన్ మీద పడుతుంది. గుర్తింపు పరేడ్ అంటే ముద్దాయిని వేరేవాళ్లతో కలిపి వరసలో నిలబెట్టి, సాక్షిని గుర్తుపట్టమనడం. సాక్షులు ముద్దాయిని ముందే చూసే వీలుంటే ఆ పరేడ్ విలువ పోతుందని 2022లో గిరీశన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

పదకొండో రోజు తమిళ దినపత్రిక లోకల్ పేజీలో ఫోటో వచ్చింది. ముందు బల్ల మీద కత్తి, గొలుసు ముక్కలు, వెనక నీలం గళ్ల చొక్కాలో కుర్రవాడు, అటూ ఇటూ పోలీసులు, ముఖానికి ముసుగు లేదు.

ముప్పై ఒకటో రోజు, పుళల్

పరేడ్ కోసం దర్యాప్తు అధికారి అర్జీ పెట్టింది 18వ రోజు. పుళల్ సెంట్రల్ జైల్లో మేజిస్ట్రేటు పరేడ్ జరిపింది 31వ రోజు. ఇన్ని రోజులు దాటితే చెల్లదు అన్న గీత చట్టంలో లేదు. 1982లో సోని కేసులో 42 రోజుల ఆలస్యం ప్రాసిక్యూషన్‌ను ముంచింది, 2004లో ప్రమోద్ మండల్ కేసులో మాత్రం నిర్ణీత గడువేమీ లేదంది సుప్రీంకోర్టు. అందుకే "ఆలస్యమైంది" అని ఊరుకుంటే లాభం లేదు. ఆ ఆలస్యంలో ఏం జరిగిందో చూపించాలి. ఇక్కడ పేపర్లో ఫోటో వచ్చింది, రిమాండ్ పొడిగింపుకు ముసుగు లేకుండా కోర్టు వరండాలో కూర్చోబెట్టారు.

మేజిస్ట్రేటు రాసిన ప్రొసీడింగ్స్ నాలుగు పేజీలు. ముద్దాయితో కలిపి ఎనిమిదిమంది, మిగతా ఏడుగురూ రిమాండ్ ఖైదీలు. సంఖ్య చాలినట్టే కనిపిస్తుంది. పక్కనే రాసిన వయసులు చదివితే కథ మారుతుంది: 41, 38, 36, 45, 27, 39, 22. వర్ణనలోని 25 ఏళ్లకు దగ్గరగా ఉన్నవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకడికి మీసం లేదు. మచ్చ ఉన్నవాడు ముద్దాయి ఒక్కడే, దాన్ని కప్పడానికి అందరి కనుబొమ్మల మీదా ప్లాస్టర్ ముక్క అంటించే చిన్న ఉపాయం కూడా చేయలేదు. అంటే వరస ఎనిమిదిమందిది, పోటీ ఇద్దరి మధ్య. ఇది పరీక్షించడం తేలిక. సాక్షి వర్ణన మాత్రం చదివి వినిపించి, నేరం చూడని కొందరికి వరస ఫోటో చూపిస్తే, వాళ్లలో ఎక్కువమంది ముద్దాయినే ఏరితే ఆ వరస వంకరది. మన దగ్గర పరేడ్ ఫోటో తీయరు కాబట్టి ఈ పరీక్షకు వీలుండదు. వయసు, ఎత్తు, మీసం, రంగు రాసిన పట్టికే దిక్కు, అదీ లేకపోతే మేజిస్ట్రేటును క్రాస్‌లో (ఎదురు విచారణలో) అడిగి రాబట్టాలి.

చొక్కా సంగతి ప్రొసీడింగ్స్‌లో లేదు. రిమాండ్ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు. ఇంటినుంచి తెచ్చిచ్చేవాళ్లు లేని కూలికి ఉన్నది అరెస్టు నాటి జత ఒక్కటే. పేపరు ఫోటోలోని నీలం గళ్ల చొక్కాతోనే వరసలో నిలబడ్డాడు.

పరేడ్ మూడు విడతలు జరిగింది, ఆమె మూడింటిలోనూ అతన్నే చూపించింది. ట్రయల్ కోర్టు తీర్పులో "మూడుసార్లూ తప్పకుండా" అన్న మాట రెండుచోట్ల ఉంది. ఈ మూడు అన్న అంకె మీద అంత మోజు ఎందుకో అర్థం కాదు. మొదటి విడతలో ఒకణ్ని ఏరాక, రెండు మూడు విడతల్లో సాక్షి గుర్తుపట్టేది నేరస్థుణ్ని కాదు, ఐదు నిమిషాల కింద తాను ఏరినవాణ్ని. మొదటిది తప్పయితే మిగతా రెండూ దాని నకళ్లే. పైగా విడత విడతకూ స్థానాలు మార్చాలి. పట్టికలో ముద్దాయి మూడుసార్లూ ఎడమ నుంచి మూడోవాడు.

కిరాణా కొట్టు కుర్రాడు ఆరో స్థానంలో ఉన్నవాణ్ని చూపించాడు. ఆ మనిషి నేరం రోజున జైల్లోనే ఉన్నాడు, వేరే కేసులో. ట్రయల్‌లో ప్రాసిక్యూషన్ ఈ కుర్రాణ్ని పిలవకుండా వదిలేసింది, డిఫెన్స్ కూడా పట్టించుకోలేదు. నిజానికి ఈ కేసులో అతనే బంగారం లాంటి సాక్షి. వరసలో ఎవడో ఒకడు ఉండే తీరాలన్న నమ్మకంతో సాక్షులు దగ్గరగా కనిపించినవాణ్ని ఏరతారని అతని వేలు రుజువు చేస్తోంది. "అసలువాడు ఈ వరసలో ఉండకపోవచ్చు, ఎవరినీ చూపించకపోయినా ఫరవాలేదు" అని ముందే చెప్పడం అందుకే ముఖ్యం. ప్రొసీడింగ్స్‌లో రాసుకున్న మాట వేరు: "మీ గొలుసు తెంపినవాణ్ని చూపించండి."

ఇక భాష. ముద్దాయికి అభ్యంతరం ఉందా అని అడిగినట్టు, "ఇల్లై" (లేదు) అన్నట్టు తమిళంలో రాసి ఉంది. కింద తెలుగులో సంతకం. పై కాగితం తమిళం, కింద పేరు తెలుగు. దుబాసీ (మాట అనువదించేవాడు) లేడు, తెలుగు కొంచెం తెలిసిన వార్డరు చెప్పాడట. ఆ వార్డరు పేరు రికార్డులో లేదు. కుర్రవాడి అన్న ములాఖత్‌కు వెళ్లినప్పుడు కుర్రవాడు చెప్పింది ఇది: "చొక్కా మార్చుకోనియ్యమని అడిగినా అన్నా, ఆయనకి అర్థం కాలా." ఆంధ్ర, తమిళనాడు కోర్టుల్లో పనిచేసేవాళ్లకు తెలిసిన సంగతే, పరేడ్‌లో ముద్దాయికి తన స్థానం ఎంచుకునే హక్కు, తోడు నిలబెట్టినవాళ్ల మీద అభ్యంతరం చెప్పే హక్కు ఉంటాయి. భాష రానివాడికి ఆ హక్కులు కాగితం మీదే.

ఆమె మనసులో జరిగింది

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే జడ్జిలను ఎక్కువగా ఒప్పించేది సాక్షి ధీమా. బాధితురాలు, పగ లేదు, చదువుకున్నది, గట్టిగా చెబుతోంది, ఎందుకు అబద్ధం చెబుతుంది అన్నది తీర్పులో వాక్యం. ప్రశ్నే తప్పు.

జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫోటో లాంటిది కాదు. తీసిన ప్రతిసారీ కొత్తగా అతుకుతుంది, అతికేటప్పుడు దగ్గరున్న ముక్కలు కలిసిపోతాయి. కత్తి కళ్లముందుంటే చూపు ముఖం మీద నిలవదని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ బృందం 1987లో కంటి కదలికలను కొలిచి చూపించింది. 1998లో గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ ఇంకో ప్రయోగం చేశారు. నేరస్థుడు అసలు లేని వరసలోంచి తప్పుగా ఏరినవాళ్లలో కొందరికి "బాగుంది, అనుమానితుణ్నే గుర్తుపట్టారు" అన్న ఒక్క మాట చెప్పారు. ఆ మాట విన్నవాళ్లకు ధీమా పెరగడమే కాదు, నేరస్థుణ్ని బాగా చూశామని, ముఖం మీద ఎక్కువ దృష్టి పెట్టామని కూడా చెప్పారు. అంటే కోర్టులు గుర్తింపును తూచడానికి వాడే రాళ్లే ఆ మాటతో బరువెక్కిపోతాయి. పదో రోజున "దొంగ దొరికాడమ్మా, గొలుసు చూసుకోండి" అన్న మాట ఆమె చెవిన పడింది కదా. ఆ తర్వాత ఆమె ధీమాకు కొలతగా విలువ లేదు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం బర్లింగ్‌టన్‌లో 1984లో జరిగిన అత్యాచారం కేసు దీనికి అచ్చు గుద్దిన పోలిక. బాధితురాలు మొదట ఫోటోల్లోంచి, తర్వాత వరసలోంచి రోనాల్డ్ కాటన్‌ను ఏరింది. రెండింటిలోనూ ఉన్న ముఖం అతనిదొక్కటే. 1987లో రెండో ట్రయల్‌లో అసలు నేరస్థుడు బాబీ పూల్‌ను ఆమె ఎదుటికి తెచ్చినా, ఇతన్నెప్పుడూ చూడలేదంది. 1995లో డిఎన్ఎ తేల్చాక కాటన్ బయటికొచ్చాడు, అప్పటికి పదిన్నరేళ్లు. ఏరిన ముఖం అసలు ముఖాన్ని పూర్తిగా తుడిచేసింది. అమెరికాలో డిఎన్ఎ వల్ల నిర్దోషులుగా తేలిన 375 కేసుల్లో 69 శాతంలో కళ్లారా చూసినవాళ్ల తప్పు గుర్తింపు ఉందని తప్పుగా శిక్షపడినవాళ్ల కోసం పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ లెక్క. గొలుసు దొంగతనాల్లో డిఎన్ఎ దొరకదు, కాబట్టి మన కేసుల్లో ఆ తుది తీర్పు చెప్పే పరీక్షే ఉండదు.

ట్రయల్‌లో పోయింది ఎక్కడ

సెషన్స్ కోర్టులో ఆమె పి.డబ్ల్యు.1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. చీఫ్ (ప్రాసిక్యూటరు చేసే విచారణ) రెండు పేజీలు. క్రాస్ మూడు వాక్యాలు: పోలీసులు చెప్పినట్టు సాక్ష్యం చెబుతున్నాననడం సరికాదు. ముద్దాయి నేరం చేయలేదనడం సరికాదు. నేను అబద్ధం చెబుతున్నాననడం సరికాదు. అంతే. అబద్ధం అన్నప్పుడల్లా సాక్షికి బలం వస్తుంది, జడ్జికి జాలి వస్తుంది. ఆమెను అబద్ధాలకోరు చేయకుండా, ఆమె మాటలతోనే ఆమె గుర్తింపును విప్పాల్సింది.

అలా విప్పే క్రాస్ ఇలా నడుస్తుంది. మొదట ఆమె కాదనలేనివి: ఎంతసేపు? కత్తి ఏ చేతిలో, పిడి రంగేమిటి, అంచు ఎటుంది? కత్తి గురించి ఎంత వివరంగా చెబితే ముఖానికి అంత తక్కువ సమయం మిగిలినట్టు. దీపం ఎటువైపు? ఎదురొచ్చినవాడు ఏ భాషలో మాట్లాడాడు? మద్రాసు తమిళమేనా, యాసగా ఉందా? "మా పక్కింటి పిల్లోళ్లలాగే మాట్లాడాడు" అన్న జవాబు వస్తే అక్కడే ఆపేయాలి, రెండో ప్రశ్న వేయకూడదు. ముద్దాయి తమిళం ఎలా ఉంటుందో 313 ప్రశ్నలప్పుడు (సాక్ష్యం మీద కోర్టు నేరుగా ముద్దాయిని అడిగేవి) కోర్టే వింటుంది. తర్వాత ఫిర్యాదు: చదివి వినిపించారా, అన్నీ చెప్పారా? మచ్చ చెప్పారా? "చెప్పాను" అంటుంది. ఫిర్యాదు చూపించి ఎవిడెన్స్ యాక్ట్ 145వ సెక్షన్ కింద నిలదీయాలి. ముఖ్యమైన విషయం వదిలేయడం కూడా వైరుధ్యమేనని 162కు ఉన్న వివరణ చెబుతోంది. అదే ప్రశ్న దర్యాప్తు అధికారినీ అడిగి రుజువు చేయించాలి. ఈ రెండో అంచె మరిచిపోతే మొదటిది వృథా, ఎక్కువ ఫైళ్లు ఇక్కడే చెడతాయి. ఆ పైన పదో రోజు: స్టేషన్‌కు ఎన్నింటికి వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, దొంగ దొరికాడని ఎవరు చెప్పారు? ఇంట్లో ఏ పేపరు వేయించుకుంటారు?

అడగకూడని ప్రశ్న ఒకటుంది: "మీకు ఖాయంగా తెలుసా?" అడిగితే వచ్చే జవాబు తీర్పులోకి ఎక్కుతుంది.

పేపరు ఫోటో గురించి ఒక చిక్కు. పత్రికలో వచ్చిన వార్త వినికిడి సాక్ష్యమే తప్ప రుజువు కాదని తమిళనాడు నుంచి వెళ్లిన లక్ష్మీరాజ్ శెట్టి కేసులోనే 1988లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాసిక్యూటరు దాన్ని చూపిస్తాడు. జవాబు: ఇక్కడ వార్త నిజమని రుజువు చేయడం లేదు. ఈ ముఖం, ఈ చొక్కాతో, ఈ రోజున అచ్చయి జనంలోకి పోయిందన్న సంగతి మాత్రమే. దానికి పత్రిక కార్యాలయం నుంచి సంచిక తెచ్చి చెప్పే ఒక ఉద్యోగిని డిఫెన్స్ సాక్షిగా పిలిస్తే సరిపోతుంది. ఈ కేసులో పిలవలేదు.

313లో 26 ప్రశ్నలు తమిళంలో. 26 జవాబులూ ఒకటే: "పొయ్ సాట్చి" (అబద్ధపు సాక్ష్యం). కుర్రవాడు నోరు తెరిచి చెప్పింది వేరు. "ఆ రోజు జీతం పడింది సార్, డబ్బులు తీసుకుని అన్నం తిని పడుకున్నా." ఆ వాక్యం రికార్డులో లేదు. సాక్ష్యాన్ని ముద్దాయికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 279వ సెక్షన్ అంటుంది. మొదటి వాయిదా నాడే దుబాసీ కోసం రాతపూర్వకంగా మెమో వేయకపోతే, అప్పీల్లో "అప్పుడెందుకు అడగలేదు" అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

బెయిలు 75వ రోజున వచ్చింది. చెన్నైలో ఆస్తి ఉన్న ఇద్దరు స్థానిక జామీనుదారులు కావాలన్నారు. కనిగిరి మనిషికి మడిపాక్కంలో ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? జామీనుదారు ఫలానా జిల్లావాడే కావాలనడం తప్పని 1978లో మోతీరామ్ కేసులోనే తేలింది, అందులో ముద్దాయి కూడా తాపీ మేస్త్రీయే. షరతు సడలించమని మళ్లీ పిటిషన్ వేయాల్సింది, ఎవరూ వేయలేదు. 19 నెలలకు ఐపీసీ 392, 397 (దోపిడీ, ప్రాణాంతక ఆయుధంతో దోపిడీ) కింద తీర్పు వచ్చింది. 397 కింద కనీస శిక్ష ఏడేళ్లు, జడ్జికి తగ్గించే వీలు లేదు.

అప్పీలు

హైకోర్టులో శిక్ష నిలుపుదలకు మొదటి పిటిషన్ కొట్టేశారు. ఏడాది తర్వాత రెండోది ఒప్పుకున్నారు, అప్పటికి మొత్తం 31 నెలలు. రెండోదాంట్లో కొత్తగా పెట్టింది రోజుల పట్టిక ఒక్కటే, ఒకే పేజీ. ఎడమ పక్క రోజు, మధ్యలో కాగితం పేరు, కుడి పక్క ఆ కాగితంలో మచ్చ ఉందా లేదా. సున్నా: లేదు. పది: ఉంది. ముప్పై ఒకటి: ఉంది.

తుది వాదనలో వరస ముఖ్యం. పరేడ్ అసలు సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పిందే అసలు సాక్ష్యం, పరేడ్ దాన్ని పరీక్షించే సాధనం, అన్నది 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వైకుంఠం చంద్రప్ప కేసు నుంచి స్థిరమైన సూత్రం. 2003లో మల్ఖాన్‌సింగ్ కేసూ అదే చెప్పింది. దీన్ని ప్రాసిక్యూషన్ తనకు అనుకూలంగా వాడుతుంది: పరేడ్ చెడినా కోర్టులో గుర్తుపట్టింది కదా అని. అందుకే పరేడ్ లోపాలు ఏకరువు పెట్టి ఆగిపోకూడదు. మరకపడిన చూపు పదో రోజుది. పరేడ్ ఆ మరకను పట్టుకోలేకపోయింది, కోర్టులో వేలు చూపించడం ఆ మరకకే కొనసాగింపు. పరిచయం లేని మనిషిని పరేడ్ లేకుండా మొదటిసారి కోర్టులో చూపిస్తే విలువ లేదని 1979లో కణ్ణన్ కేసు అంటోంది. చెడిన పరేడ్‌ను తీసేస్తే మిగిలేది అదే పరిస్థితి. దీని తర్వాతే లైటు, కత్తి, వయసుల పట్టిక, కిరాణా కుర్రాడు.

జీతం మాట రికార్డులో లేదు కాబట్టి దాన్ని 391వ సెక్షన్ కింద అదనపు సాక్ష్యంగా తేవాల్సి వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంటులో సున్నా రోజు రాత్రి 8:52కు కేళంబాక్కం ఏటీఎంలో 2,000 రూపాయలు తీసినట్టుంది. సందుకూ ఆ ఏటీఎంకూ రోడ్డు దూరం సుమారు 20 కిలోమీటర్లు, మధ్యలో రాత్రి ట్రాఫిక్, 12 నిమిషాలు. బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్ సర్టిఫికెట్, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఎవిడెన్స్ యాక్ట్ 65బి సర్టిఫికెట్ రెండూ జతచేయాలి. రెండోది తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసు తేల్చింది. ఏటీఎం కెమెరా ఫుటేజీ ఎప్పుడో చెరిగిపోయింది, అడగాల్సింది మొదటి నెలలో. కార్డు వేరేవాడు వాడి ఉండొచ్చు కదా అన్నాడు ప్రాసిక్యూటరు. తొమ్మిదో రోజున ఆ కార్డును ముద్దాయి జేబులోంచి తీసినట్టు వాళ్ల తనిఖీ జాబితాలోనే ఉంది.

అప్పీలు నెగ్గింది. పదో రోజు వాంగ్మూలం, ఏటీఎం రెండింటినే తీర్పు ఎత్తి చెప్పింది, పరేడ్ గురించి ఒక పేరా.

మొదటి వారంలోనే ఫైలు దొరికితే

రిమాండ్ రోజునే మెమో వేసి, పరేడ్ అయ్యేదాకా ముఖం కప్పి ఉంచాలని, మీడియాకు చూపించకూడదని అడగాలి. అప్పటికే చూపించి ఉంటే ఆ సంగతే రాసి మేజిస్ట్రేటు సంతకం తీసుకోవాలి, తర్వాత అది దొరకదు. మచ్చ, పుట్టుమచ్చ, పచ్చబొట్టు ఉంటే కప్పించమని పరేడ్ జరిపే మేజిస్ట్రేటుకు ముందే రాయాలి. వేరే చొక్కా జైలుకు పంపాలి, ఇది న్యాయశాస్త్రం కాదు, 300 రూపాయల పని. అభ్యంతరాలు ముద్దాయి చేత్తో తెలుగులోనే రాయించి పంపొచ్చు. 54ఎ కింద వీడియో తప్పనిసరి అయ్యేది సాక్షికి మానసిక, శారీరక వైకల్యం ఉన్నప్పుడే. మామూలు సాక్షికీ తీయమని అడగడానికి మాత్రం అడ్డేమీ లేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో ఇది బిఎన్ఎస్ఎస్ 54.

పరేడ్‌కు నిలబడనంటే ఎలా అని కుటుంబాలు అడుగుతుంటాయి. నిలబడమనడం, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగం ఆర్టికల్ 20(3)ను దాటడం కాదని 2023లో ముఖేష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారణం లేకుండా కాదంటే ప్రతికూలంగా చూస్తారు. అయితే ఆ నిరాకరణ ఒక్కదాని మీదే శిక్ష నిలవదని 2020లో రాజేష్ కేసు తీర్పు. మా సలహా: సాక్షికి ముందే చూపించారన్న ఆధారం చేతిలో ఉంటే, ఆ కారణం రాసిచ్చి కాదనవచ్చు. లేకపోతే అభ్యంతరాలు రాసిచ్చి నిలబడాలి.

పరిహారం గురించి అన్న అడిగాడు. ఆధారం లేని అరెస్టుకు 358వ సెక్షన్ ఇచ్చేది 1,000 రూపాయల దాకా. తప్పుడు ప్రాసిక్యూషన్‌కు ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2018లో 277వ రిపోర్టు ఇచ్చింది, ఆ చట్టం రాలేదు. రిట్ వేయొచ్చు గానీ, పోలీసుల దురుద్దేశం చూపించలేని చోట అది ఏళ్లు పట్టే పని. "వద్దులే సార్, ఆ కార్డూ ఫోనూ ఇప్పియ్యండి చాలు" అన్నాడు.

కార్డు, ఫోన్, 340 రూపాయలు అరెస్టు నాడు ఫారం 95 (సొత్తును కోర్టుకు పంపే పత్రం) మీద కోర్టుకు పోయాయి. ట్రయల్ నడిచిన 19 నెలలూ అవి ఆ కోర్టు ప్రాపర్టీ గదిలోనే ఉన్నాయి. విడుదల తర్వాత వాటి కోసం వేరే పిటిషన్ వేయాలి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేసి.